గాలి పడవకి ఫిష్ ఫైండర్ స్టాండ్: బోటుకి ఒక్క బెజ్జం పడకుండా ఇంట్లోనే చేసుకోవడం ఎలా

నెల్లూరు వైపు సోమశిల రిజర్వాయరులోనో కండలేరులోనో గాలం వేసేవాళ్లకి అడుగు తెలియకపోవడమే పెద్ద చిక్కు. సోమశిల సామర్థ్యం 78 టీఎంసీలు, కండలేరుది 68. నిండుగా ఉన్నప్పటి నీటిమట్టం వేరు, మే నెలలో వేరు. పోయినసారి బొచ్చె దొరికిన చోటే ఈసారి ఒడ్డు తేలి ఉండొచ్చు. అందుకే నీటి లోతునీ కిందున్న చేపల్నీ తెర మీద చూపే చిన్న ఫిష్ ఫైండర్ కొనుక్కుంటాం. పెట్టె విప్పి చూస్తే స్క్రూలూ ఒక బిగింపూ ఉంటాయి. ఆ బిగింపు చెక్క పడవ వెనక పలకకో, ఫైబర్ పడవకో సరిపోతుంది. గాలి పడవకి వెనక పలక ఉండదు, స్క్రూ దించే చోటే ఉండదు.

ఫైండర్ ఎంత మంచిదైనా, నీళ్లలో దాని తలని స్టాండు ఎలా పట్టుకుంటే అది అలాగే చూస్తుంది. ఈ తలనే ట్రాన్స్‌డ్యూసర్ అంటారు. శబ్దాన్ని కిందికి పంపేదీ, తిరిగొచ్చినదాన్ని వినేదీ ఇదే. నీళ్లలో శబ్దం సెకనుకి సుమారు 1,500 మీటర్లు పోతుంది. అంటే 15 మీటర్ల లోతుకి వెళ్లి రావడానికి సెకనులో 50వ వంతు చాలు. ఈ లెక్కంతా తల నిటారుగా కిందికి చూస్తోందన్న నమ్మకం మీదే నడుస్తుంది. తల 15 డిగ్రీలు వెనక్కి వాలిందంటే, 12 మీటర్ల లోతులో మీరు చూస్తున్న చోటు పడవ కింద ఉండదు, మూడు మీటర్లకి పైగా పక్కన ఉంటుంది. తెర మీద చేప కనిపిస్తుంది, గాలం మాత్రం ఖాళీ చోట దిగుతుంది. ఫైండర్ పనికిరాదని పక్కన పడేసినవాళ్లలో చాలామంది విషయంలో తప్పు ఫైండర్‌ది కాదు, దాన్ని పట్టుకున్న కర్రది.

గాలి పడవకి ఇంకో చిక్కుంది. ఫైబర్ పడవల్లో కొందరు తలని పడవ లోపలే అడుగుకి అంటించేస్తారు, శబ్దం ఆ పలచని ఫైబర్ గుండా దిగిపోతుంది. గాలి పడవలో ఇది కుదరదు. నీళ్లకీ గాలికీ మధ్య గీత దగ్గర శబ్దం దాదాపు మొత్తం వెనక్కి కొడుతుంది. ఊదిన అడుగు మీద తలని పెడితే తెర మీద గీతల గందరగోళం తప్ప ఏమీ రాదు. కాబట్టి తల పడవ బయట, అడుగు కంటే కిందికి, నీళ్లలోనే వేలాడాలి.

మనం చేసేది మూడు ముక్కల సరంజామా. పడవకి రెండు పక్కలా ఉండే గాలి గొట్టాల మీద అడ్డంగా ఒక పలక. పలక చివర నుంచి నీళ్లలోకి దిగే ఒక చేయి. పలక మీద తెర, కింద బ్యాటరీ. పడవకి అంటించేది ఏమీ లేదు, పొడిచేది అసలే లేదు. విప్పితే అంతా విడిపోయి డిక్కీలోకి పోతుంది.

తెచ్చుకోవాల్సినవి

పలకకి 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై, 20 సెంటీమీటర్ల వెడల్పు. షాపులో వాటర్‌ప్రూఫ్ అని ఏదో ఒకటి అంటగడతారు. షీటు మీద ఐఎస్ 710 ముద్ర ఉందో లేదో చూసుకోండి, మెరైన్ ప్లైకి ఉండేది అదే. ఐఎస్ 303 ముద్ర ఉన్నది మామూలు పనులకి. పూర్తి షీటు కొనక్కర్లేదు, కిచెన్ పని చేసే వడ్రంగి దగ్గర మిగులు ముక్కలుంటాయి, అడిగితే కోసి ఇస్తాడు. ఒక మనిషి పడవకి సరిపడే పలక రెండు కిలోల పైచిలుకు తూగుతుంది.

చేయికి ముప్పావు అంగుళం పీవీసీ పైపు, షెడ్యూల్ 80, గోడ మందంగా ఉండేది. తెల్లటి పైపే తీసుకోండి. వేడినీళ్ల లైనుకి వేసే మీగడ రంగు సీపీవీసీ వద్దు. ఈ పైపుని మరిగే నీళ్లలో మెత్తబరచి చదును చేస్తాం, సీపీవీసీని ఆ వేడికి తట్టుకునేలానే తయారు చేస్తారు కాబట్టి అది లొంగదు. ఎలక్ట్రిక్ మోటారు పెట్టి పడవని కాస్త వేగంగా నడిపేవాళ్లు మాత్రం ముప్పావుకి బదులు అంగుళం పైపు వాడండి, సన్నపైపు వేగంలో వణుకుతుంది.

నిలువు చెక్కకి ఒక టేకు ముక్క, 15 సెంటీమీటర్ల వెడల్పు, 12 ఎత్తు, అంగుళం మందం. దాన్ని పలకకి బిగించడానికి రెండు ఎల్ క్లాంపులు. బోల్టులన్నీ స్టెయిన్‌లెస్: చేయి తిరగడానికి 8 ఎంఎం బోల్టు ఒకటి, మిగతావాటికి 6 ఎంఎం, 5 ఎంఎం. నట్లు లోపల నైలాన్ రింగు ఉండే నైలాక్ రకం అడగండి, కుదుపులకి వదులవ్వవు. పడవ వైపు తిరిగే ప్రతి బోల్టు కొసకీ గుండ్రటి డోమ్ నట్ కావాలి.

ఇవిగాక 25 మిల్లీమీటర్ల నైలాన్ పట్టీ ఆరు మీటర్లు, నాలుగు ప్లాస్టిక్ బకిల్స్. బ్యాగులు కుట్టే షాపులో రెండూ దొరుకుతాయి. లారీ సామాను కట్టే ఇనుప రాచెట్ పట్టీలు మాత్రం తేవద్దు, ఎంత బిగుస్తోందో చేతికి తెలియదు, పడవ రింగు ఊడి వచ్చేదాకా బిగుస్తుంది. పాత యోగా మ్యాటు ఒకటి, బైకు ట్యూబు ఒకటి, కేబుల్ టైలు, ఉప్పుకాగితం, పాలీయురేథేన్ వార్నీషు. రసమట్టం చిన్నది ఉంటే సరి, మేస్త్రీ దగ్గర అరువు తెచ్చుకున్నా ఫర్వాలేదు.

కొలతలు నీళ్లలోనే తీసుకోండి

ఈ పనిలో తొందరపడకూడని ఘట్టం ఇదే. ఇంట్లో నేల మీద ఊదిన పడవని కొలిస్తే ఆ లెక్క పనికిరాదు, మీరు ఎక్కి కూర్చున్నాక అది ఎంత దిగుతుందో నేల చెప్పదు. పడవని చెరువులోనో కాలవలో నిలకడ నీళ్లున్న చోటో దించండి. మీరు మామూలుగా కూర్చునే చోట కూర్చోండి, డబ్బా, గాలాలు, నీళ్ల బాటిళ్లు, రెండో మనిషి ఉంటే ఆ మనిషీ, అన్నీ వాటి చోట్లలో ఉండాలి. బయట నిలబడ్డ ఇంకొకరితో మూడు కొలతలు తీయించండి: రెండు గొట్టాల బయటి అంచు నుంచి బయటి అంచుకి పడవ వెడల్పు, పలక ఆనే గొట్టం పైభాగం నుంచి నీటిమట్టం దాకా ఎత్తు, నీటిమట్టం నుంచి పడవ అడుగు దాకా లోతు.

పలక ఎక్కడ వేయాలో కూడా అప్పుడే తేల్చుకోండి. రింగుల్లో తెడ్లు పెట్టుకుని వేసే పడవల్లో మనం పడవ వెనక వైపుకి ముఖం పెట్టి కూర్చుంటాం. అంటే పలక వెనక భాగంలో ఉంటే తెర ఎప్పుడూ కళ్లెదురుగా ఉంటుంది, మెడ తిప్పక్కర్లేదు. తెడ్డు పిడి మీ వైపు వచ్చినప్పుడూ, అవతలికి పోయినప్పుడూ పలకకి తగలకుండా చూసుకోండి. మోకాలికీ పలకకీ మధ్య జానెడు ఖాళీ ఉండాలి, పెద్ద చేప పడినప్పుడు కాళ్లు కదలడానికి చోటు కావాలి కదా. మోటారు వాడితే, మోటారు ఒక పక్కన, ట్రాన్స్‌డ్యూసర్ చేయి ఇంకో పక్కన. ఫ్యాను తిప్పిన నీళ్లలో బుడగలుంటాయి, బుడగంటే గాలి, గాలి శబ్దాన్ని తిప్పికొడుతుందని పైనే చెప్పుకున్నాం.

పలక

పలక పొడవు పడవ వెడల్పు కంటే ఐదు సెంటీమీటర్లు ఎక్కువ. ఆ ఐదూ చేయి దిగే పక్కనే బయటికి రావాలి. రెండో చివర గొట్టం మీదే ఆగితే మంచిది, ఒడ్డుకి చేర్చేటప్పుడు దేనికీ తగలదు.

కోసిన వెంటనే నాలుగు మూలలూ గుండ్రంగా చేయండి. రూపాయి బిళ్ల అంత గుండ్రం చాలదు, టీ గ్లాసు మూతి పెట్టి గీసుకుని దాని మీద కోయించండి. పై అంచులూ కింది అంచులూ ఉప్పుకాగితంతో రుద్ది, అరచేత్తో గట్టిగా తుడిచి చూసుకోండి. చేతికి గుచ్చుకునేది ఏదైనా సరే గొట్టానికీ గుచ్చుకుంటుంది.

ఇప్పుడు పట్టీల కోసం నాలుగు చీలికలు: ప్రతి గొట్టం మీద రెండేసి, పలక ముందు అంచుకి దగ్గరగా ఒకటి, వెనక అంచుకి దగ్గరగా ఒకటి. ఒక్కో చీలిక 30 మిల్లీమీటర్ల పొడవు, 6 వెడల్పు. వరసగా బెజ్జాలు వేసి వాటిని కలిపేస్తే చీలిక తయారవుతుంది. బెజ్జాలు, చీలికలు, నిలువు చెక్క బోల్టులకి, తెర స్టాండుకి కావాల్సినవి, అన్నీ ఈ దశలోనే వేసేయండి. తర్వాతే వార్నీషు. ప్లైలోకి నీళ్లు దిగేది పైన పరచిన ముఖం గుండా కాదు, కోసిన అంచు గుండా, బెజ్జం లోపలి గోడ గుండా. అంచులకీ బెజ్జాలకీ మూడు పూతలు, ముఖానికి రెండు పూతలు వేయండి, ఒక్కో పూత పూర్తిగా ఆరాకే ఇంకోటి.

ఆరాక, పలక గొట్టాలని తాకే రెండు చోట్లా కింది వైపున యోగా మ్యాటు ముక్కలు, ఒక్కోటి అడుగు పొడవున, చెప్పుల బంకతో అంటించండి. బంక పలకకే రాయాలి, పడవకి కాదు. బంక వాసన పూర్తిగా పోయేదాకా పలకని పడవ దగ్గరకి తీసుకెళ్లొద్దు, అందులోని ద్రావకాలు పీవీసీని మెత్తబరుస్తాయి. మెత్తకి సైకిల్ ట్యూబు ముక్కలు వాడదామనిపిస్తుంది గానీ, నల్ల రబ్బరు ఎండలో పీవీసీ మీద పోని మరకలు వేస్తుంది.

ఇంకో మాట. డ్రిల్లు పని, రంపం పని పడవకి దూరంగా, వీలైతే వేరే గదిలో చేయండి. చెక్క రజను, పైపు చిప్పలు మ్యాటు అడుగున ఒకటి ఇరుక్కున్నా మీ బరువు కింద అది రోజంతా గొట్టాన్ని గీకుతూనే ఉంటుంది. బిగించే ముందు పలకని తడిగుడ్డతో రెండుసార్లు తుడవండి.

నీళ్లలోకి దిగే చేయి

పొడవు లెక్క ఇలా. పలక పైముఖం నుంచి నీటిమట్టం దాకా ఉన్న ఎత్తు, దానికి పడవ మునిగిన లోతు, దానికి ఇంకో 8 సెంటీమీటర్లు. ఈ ఎనిమిదీ ఎందుకంటే, తల పడవ అడుగుతో సమానంగా ఉంటే కిందికి గొడుగులా విచ్చుకునే దాని శబ్దంలో ఒక అంచు పడవకే తగులుతుంది, ఆ నీడ తెర మీద పడుతుంది. పై వైపున తిరిగే బోల్టు పలక మీద నాలుగు సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది, ఆ పైన పిడిగా పట్టుకోవడానికి 25 సెంటీమీటర్లు. ఉదాహరణకి, పలక పైముఖం నీటికి 31 సెంటీమీటర్ల పైన, పడవ 12 మునిగితే: 31, 12, 8, 4, 25 కలిపి 80 సెంటీమీటర్ల పైపు. కోసేటప్పుడు 85 కోసుకోండి, ఎక్కువైతే తర్వాత తగ్గించొచ్చు.

కింది చివర ఆరేడు సెంటీమీటర్ల మేర చదును చేయాలి. మంట మీద కాల్చొద్దు. పీవీసీ కాలితే వచ్చే పొగ ఊపిరితిత్తులకి చెడ్డది, పైపూ నల్లబడి పెళుసవుతుంది. లోతు గిన్నెలో నీళ్లు తెర్లుతుండగా పైపు కొసని ముంచి కొన్ని నిమిషాలు ఉంచండి. వేలితో నొక్కితే లొంగాలి, వేలికి మాత్రం మందం గ్లవుజు ఉండాలి. లొంగగానే తీసి రెండు చెక్కల మధ్య పెట్టి కాలితో తొక్కి పట్టండి, పైనుంచి చన్నీళ్లు పోయండి. గట్టిపడ్డాక చదునైన నాలుక వస్తుంది. మొదటిసారి మూల వంకరగా వస్తే మళ్లీ ముంచి సరిచేసుకోవచ్చు. ఆ నాలుక పడవ ముందు వెనకలకి ఎదురుగా ఉండాలి, పక్కలకి కాదు. పెట్టెలో వచ్చిన బిగింపుని నాలుక వెనక ముఖానికి 5 ఎంఎం బోల్టులతో బిగించండి. ట్రాన్స్‌డ్యూసర్ ముందు వైపు ఏదో దాని పుస్తకంలో బొమ్మ ఉంటుంది, అది పడవ ముందు వైపుకే ఉండాలి. నాలుక మొదట్లో చిన్న బెజ్జం ఒకటి వేస్తే పైపులో చేరిన నీళ్లు కారిపోతాయి.

పై చివరలో పైపులోకి 30 సెంటీమీటర్ల చీపురు కర్ర ముక్క కొట్టి దించండి. బోల్టు బిగించినప్పుడు పైపు నలగకుండా లోపలి నుంచి కర్ర అడ్డుకుంటుంది. కొస నుంచి 25 సెంటీమీటర్ల దగ్గర, పైపూ కర్రా రెండూ దాటేలా 8 ఎంఎం బెజ్జం. బెజ్జం దిశ జాగ్రత్త: బోల్టు పడవకి అడ్డంగా నిలిస్తేనే చేయి ముందుకీ వెనక్కీ ఊగుతుంది, కింద చదును చేసిన నాలుక ఆ ఊగే దారికి ఎదురుగా ఉంటుంది.

టేకు ముక్కని పలక బయటి చివర నిలువుగా ఎల్ క్లాంపులతో బిగించండి. దాని బయటి ముఖానికి పైపు, మధ్యలో ఒక నైలాన్ వాషరు, నట్టు వైపు ఇంకో వాషరు. నైలాక్ నట్టుని చేయి బిరుసుగా, కానీ చేత్తో తిరిగేంత మాత్రమే బిగించండి.

ఇక్కడే ఈ స్టాండుకి ప్రాణం ఉంది. సోమశిలలో నీటి కింద ముంపు ఊళ్ల గోడలున్నాయి, చెట్ల మోళ్లున్నాయి. చేయి గట్టిగా బిగిసిపోయి ఉంటే, మోడు తగిలిన క్షణంలో ఆ దెబ్బంతా పలక మీదుగా పట్టీలకీ, పట్టీల నుంచి పడవ రింగులకీ పోతుంది. రింగు చిరిగితే నీళ్ల మధ్యలో గొట్టం ఖాళీ అవుతుంది. అందుకని చేయి లొంగాలి. టేకు ముక్క మీద, తిరిగే బోల్టుకి నాలుగైదు సెంటీమీటర్ల పైన, పైపుకి వెనక వైపున ఆనేలా ఒక 6 ఎంఎం బోల్టు బయటికి పొడుచుకొచ్చేట్టు పెట్టండి. ఇది అడ్డు. పైపు పై కొసకి బైకు ట్యూబు నుంచి కోసిన రెండు వేళ్ల వెడల్పు రబ్బరు పట్టీ తగిలించి, దాన్ని వెనక్కి లాగి పలక వెనక అంచున ఒక కొక్కేనికి వేయండి. రబ్బరు పై భాగాన్ని అడ్డుకి ఆనించి పట్టుకుంటుంది, చేయి నిటారుగా నిలుస్తుంది. కింద మోడు తగిలితే కింది భాగం వెనక్కి పోతుంది, పై భాగం ముందుకి, రబ్బరు సాగుతుంది. మోడు దాటగానే రబ్బరు మళ్లీ చేయిని నిటారుకి తెస్తుంది.

రబ్బరు బిగువు ఎంతుండాలంటే, తెడ్డు వేస్తున్నప్పుడు చేయి అడ్డుని వదలకూడదు, కింది కొసని రెండు వేళ్లతో గట్టిగా నెడితే కదిలిపోవాలి. ఈ రెండింటి మధ్య ఎక్కడైనా సరే. ఒకటి గుర్తుంచుకోండి, పడవని వెనక్కి నడిపితే ఈ ఏర్పాటు కాపాడదు, అడ్డు ఆ వైపే ఉంది కదా. వెనక్కి పోవాలన్నా, ఒడ్డుకి చేరుతున్నా, పిడిని ముందుకి తోసి చేయిని పైకి ఎత్తేయండి.

పడవకి కట్టడం

ప్రతి చీలిక గుండా ఒక పట్టీ దింపి, గొట్టం బయటి పక్కనున్న తాడు రింగుకి తీసుకెళ్లి బకిల్‌తో బిగించాలి. ముందు చీలిక పట్టీ ముందున్న రింగుకి, వెనక చీలిక పట్టీ వెనకున్న రింగుకి. అలా రెండు దిక్కులా లాగితే పలక ముందుకీ జరగదు, వెనక్కీ జరగదు. రెండు గొట్టాల మీదా ఒకేలా బిగించండి. చేతి బలంతో లాగినంతే, అంతకు మించి వద్దు. మీ పడవకి రింగులు అనుకున్న చోట లేకపోతే పలకనే రింగుల మధ్యకి జరపండి, కొత్త రింగులు అంటించే పని పెట్టుకోవద్దు. సరిగ్గా అంటని రింగు ఊడినప్పుడు పొరని కూడా తీసుకుపోతుంది.

మన ఎండల్ని లెక్కలోకి తీసుకోవాలి. పొద్దున 25 డిగ్రీల దగ్గర బిగువుగా ఊదిన గొట్టంలో గాలి మధ్యాహ్నానికి 45 డిగ్రీలకి వేడెక్కితే, గొట్టం సాగకుండా ఉన్న పక్షంలో లోపలి ఒత్తిడి చదరపు అంగుళానికి దాదాపు ఒక పౌండు పెరుగుతుంది. మామూలు గాలి పడవల ప్రధాన గొట్టాలకి తయారీదారు చెప్పే ఒత్తిడే ఇంచుమించు ఒక పౌండు. ఒడ్డున ఎండలో పడవని పలకతో సహా బిగించి వదిలేసి భోజనానికి వెళ్తే, గొట్టం ఉబ్బుతుంది, పట్టీలు కోసుకుపోయేలా బిగుస్తాయి. ఒడ్డుకి రాగానే బకిల్స్ వదులు చేయండి, కొంచెం గాలి తీయండి, నీడ ఉంటే నీడకి లాగండి. పొద్దున్నే నీళ్లలో దించినప్పుడు దీనికి పూర్తిగా వ్యతిరేకం, చన్నీళ్లు తగలగానే గొట్టం మెత్తబడి పట్టీలు వదులవుతాయి. నీళ్లలోకి దిగిన పదినిమిషాలకి మళ్లీ బిగించండి.

తెర, వైరు, బ్యాటరీ

తెర స్టాండుని పలక మధ్యలో, మీకు ఎదురుగా, 5 ఎంఎం బోల్టులతో బిగించండి. కింద డోమ్ నట్లు. తెర కాస్త పైకి వాలితే ఎండ నేరుగా పడుతుంది, నల్ల ప్లాస్టిక్ ఫైలు కవరు మడిచి పైన చిన్న గొడుగులా తగిలించుకుంటే అంకెలు కనిపిస్తాయి.

ట్రాన్స్‌డ్యూసర్ వైరుని పైపు వెంట కేబుల్ టైలతో కట్టండి. తిరిగే బోల్టు దగ్గర వైరుకి కాస్త వదులు ఉంచాలి, చేయి పూర్తిగా లేచినప్పుడు లాగకూడదు. వైరు ఎక్కువుందని కోసి అతకొద్దు, అది మామూలు కరెంటు వైరు కాదు. మిగులుని వదులు చుట్టలుగా చుట్టి పలక కింద కట్టేయండి. కేబుల్ టై కోసిన కొస బ్లేడులా తయారవుతుంది. నెయిల్ కట్టరుతో మొదలంటా కత్తిరించి, ఆ ముడి గొట్టానికి అవతలి వైపు ఉండేలా తిప్పండి.

బ్యాటరీకి యూపీఎస్‌లలో వాడే 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ సీల్డ్ రకం చాలు, బరువు రెండు కిలోల పైన. నాలుగైదు అంగుళాల తెరున్న చిన్న ఫైండర్లు సుమారు పావు ఆంపియర్ తీసుకుంటాయి. సీసం బ్యాటరీని సగం కంటే కిందికి దింపకూడదు, ఆ సగంతోనే ఒక పగలంతా నడుస్తుంది. బరువు తగ్గించుకోవాలంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం ఉంది, బరువు సగం కూడా ఉండదు, ధర ఎక్కువ. మోటారు ఉన్నవాళ్లు ఫైండర్‌కి వేరే బ్యాటరీ పెట్టండి. ఒకే బ్యాటరీ మీద రెండూ నడిపితే మోటారు రొద తెర మీద చుక్కలుగా కనిపిస్తుంది.

ప్లస్ వైరులో, బ్యాటరీ టెర్మినల్‌కి బెత్తెడు దూరంలోనే ఫ్యూజు హోల్డరు వేయండి. ఎన్ని ఆంపియర్లో ఫైండర్ పుస్తకంలో ఉంటుంది, చిన్నవాటికి మామూలుగా 3. ఇది వదిలేయొద్దు. తడి పడవలో వైరు చితికి షార్టయితే 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ కూడా వైరుని ఎర్రగా కాల్చగలదు, పక్కనే ఉన్నది పీవీసీ గొట్టం. బ్యాటరీని మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, పడవ మధ్యలో కిందికి కట్టేయండి. ఛార్జింగు మాత్రం డబ్బాలోంచి తీసి, ఇంట్లో గాలి ఆడే చోట పెట్టాలి.

మొదటిసారి నీళ్లలో

లైఫ్ జాకెట్ వేసుకుని, లోతు తక్కువున్న చోట మొదలుపెట్టండి. సామానుతో కూర్చున్నాక రసమట్టాన్ని పలక మీద రెండు దిక్కులా పెట్టి చూడండి. పలక ఒక పక్కకి వాలుతుంటే బ్యాటరీ డబ్బాని రెండో పక్కకి జరపండి. చేయి నిటారుగా ఉన్నప్పుడు ట్రాన్స్‌డ్యూసర్ అడుగు ముఖం నీటిమట్టానికి సమాంతరంగా ఉండాలి, లేకపోతే బిగింపు స్క్రూ వదులు చేసి సరిచేసి మళ్లీ బిగించండి.

తర్వాత అడుగుకొక ముడి వేసిన నైలాన్ దారానికి బరువు కట్టి తల పక్కనే దించండి. తెర చూపే లోతూ ముడుల లెక్కా పోల్చండి. తెర తక్కువ చూపిస్తే కంగారు లేదు, అది తన ముఖం నుంచి కొలుస్తోంది, తల మునిగిన లోతు ఆ లెక్కలో లేదు. చాలా ఫైండర్లలో కీల్ ఆఫ్‌సెట్ అనే సెట్టింగు ఉంటుంది, తల నీటి కింద ఎంత ఉందో అందులో వేస్తే రెండూ కలుస్తాయి. మంచినీళ్లు, ఉప్పునీళ్లు అనే ఎంపిక కూడా ఉంటుంది, రిజర్వాయరుకి మంచినీళ్లు పెట్టండి.

తెర మీద చూసేది ఎంత మేర నేలో తెలిస్తే గాలం ఎక్కడ వేయాలో తెలుస్తుంది. 200 కిలోహెర్ట్జ్ ఇరుకు గొడుగు సాధారణంగా 20 డిగ్రీలు, అంటే లోతులో మూడో వంతు వెడల్పు: 12 మీటర్ల లోతులో నాలుగు మీటర్ల వృత్తం. కొన్నిటిలో 83 కిలోహెర్ట్జ్, 60 డిగ్రీల వెడల్పు గొడుగు కూడా ఉంటుంది, అది లోతు కంటే కాస్త ఎక్కువ వెడల్పునే చూస్తుంది. పాత పెన్న పాయ ఎక్కడ దిగుతుందో వెతకడానికి వెడల్పుది, చోటు దొరికాక ఇరుకుది వాడండి. చేప తెర మీద వంపు గీతగా కనిపిస్తుంది, కానీ ఆ వంపు రావాలంటే పడవో చేపో కదలాలి. పడవ ఆగి, కింద చేపా ఆగి ఉంటే వంపు రాదు, సాగదీసిన గీతగా వస్తుంది. దాన్ని చెట్టు కొమ్మ అనుకుని వదిలేసేవాళ్లు చాలామంది.

ఎక్కడికి తీసుకెళ్లాలి, ఎక్కడికి వద్దు

సోమశిల, కండలేరు, మల్లవరం దగ్గర గుండ్లకమ్మ, వీటిలో ఈ శ్రమకి ఫలితం ఉంది. పులికాట్‌లో చాలా చోట్ల మనిషి నిలబడే లోతే, అక్కడ ఫైండర్ కంటే వెదురు గడ మంచిది. మైపాడులోనో కొత్తపట్నంలోనో అలల్లోకి గాలి పడవ దించడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. సముద్రానికి ఆ పడవ కాదు. సోమశిలలో కూడా వెలిగొండల సందులోంచి గాలి ఉన్నట్టుండి లేస్తుంది, అలాంటప్పుడు చేయి ఎత్తేసి దగ్గరి ఒడ్డుకి పోవాలి. గేట్ల వైపు అసలే పోవద్దు.

రిజర్వాయర్లలో చేపలు పట్టుకుని బతికే కుటుంబాలున్నాయి. మత్స్యశాఖ ఆఫీసులో అనుమతి గురించి అడగండి, ఊళ్లో మత్స్యకార సంఘం పెద్దలకి చెప్పి దిగండి. పుట్టి వేసే అన్నలకి ఆ అడుగు ఏ ఫైండర్ కంటే బాగా తెలుసు, మోళ్లు ఎక్కడున్నాయో వాళ్లే చెబుతారు. నీటి మీద వరసగా బెండ్లు కనిపిస్తే కింద వల ఉన్నట్టు. వందడుగుల ముందే చేయి ఎత్తండి, వీలైతే చుట్టూ తిరిగి వెళ్లండి. మన ట్రాన్స్‌డ్యూసర్ బిగింపు వలకి పడితే వల చిరుగుతుంది, అది వాళ్ల ఆ రోజు కూడు. అనుకోకుండా చిక్కుకుంటే కోయకండి, పడవ ఆపి మెల్లగా విడదీయండి, ఆ ఇంటివాళ్లకి చెప్పండి.

ఇంటికొచ్చాక

పలకని మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి. ట్రాన్స్‌డ్యూసర్ ముఖం మీద పాచి జిడ్డు చేరుతుంది, మెత్తటి గుడ్డకి సబ్బు రాసి తుడిస్తే చాలు, గీకొద్దు. మ్యాటు ముక్కల అంచులు లేస్తున్నాయేమో చూసుకోండి. బోల్టు బెజ్జాల దగ్గర వార్నీషు పగిలి ప్లై నల్లబడుతుంటే అక్కడ రుద్ది మళ్లీ పూత వేయండి. ట్యూబు రబ్బరు ఎండకి త్వరగా పగుళ్లిస్తుంది, సాగదీసి చూస్తే సన్నటి గీతలు కనిపిస్తాయి. కనిపించగానే మార్చేయండి. పాత ట్యూబు పంక్చరు షాపులో అడిగితే ఇస్తారు, ఒక్క ట్యూబులో అలాంటి పట్టీలు చాలా వస్తాయి, ఒకటి ఎప్పుడూ బ్యాటరీ డబ్బాలో వేసి ఉంచుకోండి.